కరెంటు వచ్చాక బోర్డు బూట్ కావడం లేదు, సీరియల్ కేబుల్ పెడితే మాత్రం అవుతోంది

#1 · మైపాడు గట్టు · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఇందుకూరుపేట మండలంలో వనామీ రొయ్యల గుంటలకు కంట్రోలర్లు అమర్చి, వాటి బాగోగులు చూస్తుంటాను. పెట్టెలో ఉండేది ఏఎం335ఎక్స్ చిప్ ఉన్న బోర్డు, దాని మీద లినక్స్. నీటిలో ఆక్సిజన్ కొలిచే సెన్సారు ఆర్‌ఎస్-485 తీగల మీద అంకెలు పంపుతుంది. వాటిని బట్టి బోర్డు ఏరేటర్ల కాంటాక్టర్లను (మోటార్లకు కరెంటు ఇచ్చే పెద్ద స్విచ్చులను) కలుపుతుంది, విడదీస్తుంది.

కరెంటు పోయి మళ్లీ వచ్చినప్పుడు కొన్నిసార్లు బోర్డు లేవడం లేదు. పవర్ దీపం వెలుగుతుంది. నెట్‌వర్క్ దీపం వెలగదు, రిలే చప్పుడు ఉండదు. ఎంసీబీ ఆపి మళ్లీ వేస్తే చాలావరకు లేస్తుంది. సంగతేమిటో చూద్దామని ల్యాప్‌టాప్ తీసుకువెళ్లి, బోర్డు రాసే సందేశాలు చూపే సీరియల్ కేబుల్ తగిలిస్తే, ఎన్నిసార్లు కరెంటు తీసి ఇచ్చినా ఒక్కసారీ మొరాయించదు. కేబుల్ తీసి, పెట్టె మూసి ఇంటికి వచ్చిన రాత్రే రైతు దగ్గర్నుంచి ఫోను. పవర్ సప్లై మార్చాను, ఎస్‌డీ కార్డు మార్చాను, ఫలితం లేదు. ఇంట్లో బల్ల మీద పెట్టి చూస్తే ఈ జబ్బు రాదు.

ఇంట్లో ఉన్న టెస్టు బోర్డులో ఇంకో చిక్కు. కొత్త కెర్నల్ (లినక్స్ అసలు భాగం) వేశాక, దాన్ని లోడ్ చేసే ప్రోగ్రాము యూ-బూట్ ‘స్టార్టింగ్ కెర్నల్’ అని రాసిన తర్వాత సీరియల్‌లో ఒక్క అక్షరం రావడం లేదు. రెండింటికీ సంబంధం ఉందో లేదో తెలియదు. బూట్ తొలి దశల్లో జరిగేది కంటికి కనిపించేలా చేయడం ఎలాగో చెప్పగలరా?

#2 · ఒంగోలు సోల్డర్ · సోమవారం రాత్రి 9:40

కేబుల్ పెడితే లేస్తోందంటే కేబుల్ బోర్డుకు ఏదో ఇస్తోంది. ఏమి ఇస్తోందో తేలాలి. సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లేముందు ఇవి చెప్పండి: అడాప్టర్ 3.3 వోల్టులదా, 5 వోల్టులదా? ఏయే పిన్నులకు తగిలిస్తున్నారు? ల్యాప్‌టాప్ చార్జర్ మీద ఉంటుందా, బ్యాటరీ మీదా?

మరో మాట. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల పోర్టు నుంచి నేరుగా తీగ లాగి ఇలాంటి బోర్డుకు పెట్టడం లేదు కదా? ఆర్‌ఎస్-232లో ఒకటి అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, సున్నా అంటే ప్లస్ 3 నుంచి ప్లస్ 15. బోర్డు మీది యూఏఆర్‌టీ (సీరియల్ అక్షరాలు పంపే, అందుకునే భాగం) పిన్ను 3.3 వోల్టులకు మించి ఓర్చుకోదు. మధ్యలో మ్యాక్స్3232 లాంటి చిప్ లేకుండా కలిపి, పిన్ను కాల్చుకుని మా దుకాణానికి తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

#3 · మైపాడు గట్టు · సోమవారం రాత్రి 9:58

సీపీ2102 ఉన్న యూఎస్‌బీ అడాప్టర్ అన్నా, 3.3 వోల్టులది. బోర్డు హెడర్‌లో మూడు పిన్నులే వాడుతున్నాను: గ్రౌండు, టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది). గుంటల దగ్గర ప్లగ్గు పాయింటు ఉండదు కాబట్టి ల్యాప్‌టాప్ ఎప్పుడూ బ్యాటరీ మీదే.

#4 · కావలి విద్యార్థిని · సోమవారం రాత్రి 10:21

మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంకా రాకముందే, డ్రైవర్లు లేకుండానే, బోర్డు సీరియల్‌లో అక్షరాలు ఎలా పంపగలుగుతుంది? స్క్రీన్ మీద ఏమీ చూపలేని దశలో సీరియల్ ఒక్కటే ఎలా పనిచేస్తోంది?

నా దగ్గర ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డు కూడా ఆన్ చేయగానే సెకనుకు 115200 బిట్ల వేగంలో పిచ్చి గీతలు రాస్తుంది. తర్వాత నా ప్రోగ్రాము మొదలవగానే అక్షరాలు సక్రమంగా వస్తాయి. బోర్డు పాడైందంటారా?

#5 · పెన్నాతీరం · సోమవారం రాత్రి 11:05

కావలి విద్యార్థిని గారూ, బోర్డు పాడవలేదు. ఈఎస్‌పీ8266 లోపలి బూట్ రామ్ (చిప్‌లో శాశ్వతంగా రాసి ఉన్న కోడు, ర్యామ్ కాదు) తనకు 40 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉందనుకుని 115200కు లెక్క వేసుకుంటుంది. మార్కెట్‌లో దొరికే మాడ్యూళ్లలో ఎక్కువ వాటికి ఉన్నది 26 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. 115200ను 26తో గుణించి 40తో భాగించండి, 74880 వస్తుంది. టెర్మినల్‌లో ఆ వేగం పెట్టి చూస్తే ఆ పిచ్చి గీతలే చదవదగిన వాక్యాలవుతాయి. మీ ప్రోగ్రాము మొదలయ్యేసరికి అసలు క్రిస్టల్ ఎంతో తెలుసుకుని లెక్క సరిచేసుకుంటుంది.

మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే సగం ఉంది. యూఏఆర్‌టీకి కావలసినవి మూడే: దానికి క్లాకు అందాలి, చిప్ పిన్నును యూఏఆర్‌టీ పనికి మళ్లించి ఉండాలి, వేగాన్ని నిర్ణయించే భాజకం రిజిస్టర్‌లో పడాలి. ఏఎం335ఎక్స్‌లో యూఏఆర్‌టీకి వచ్చే క్లాకు 48 మెగాహెర్ట్జ్. దాన్ని 16తోనూ 115200తోనూ భాగిస్తే 26.04. కాబట్టి 26 వేస్తారు. ఆ చిన్న తేడాను అవతలి వైపు పట్టించుకోదు. ఆపైన పంపాల్సిన బైటును ఒక రిజిస్టర్‌లో రాయడం, అది బయటికి పోయిందా అని ఇంకో రిజిస్టర్‌లో బిట్టును పదేపదే చూడడం, అంతే. ఇంటరప్టులు అక్కర్లేదు, మెమరీ కేటాయింపులు అక్కర్లేదు, డీడీఆర్ ర్యామ్ కూడా అక్కర్లేదు. స్క్రీన్‌కు ఫ్రేమ్ బఫర్ కావాలి, దానికి ర్యామ్ కావాలి, ప్యానెల్ సమయాలు కావాలి. అందుకే స్క్రీన్ ఆలస్యంగా మేలుకుంటుంది.

ఈ బోర్డులో వరుస ఇలా ఉంటుంది. చిప్ లోపలి రామ్ కోడు ముందు నడుస్తుంది. అది ఎస్‌డీ కార్డు నుంచి ఎస్‌పీఎల్ అనే చిన్న ముక్కను చిప్ లోపలి ఎస్‌ర్యామ్‌లోకి తెస్తుంది. ఎస్‌పీఎల్ డీడీఆర్‌ను సిద్ధం చేసి పూర్తి యూ-బూట్‌ను తెస్తుంది. యూ-బూట్ కెర్నల్‌ను తెస్తుంది. సీరియల్‌లో కనిపించిన చివరి వాక్యం ఏ దశదో చూస్తే తప్పు ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. అక్షరాలు చెదిరి వస్తే క్లాకు, భాజకం చూడండి. అసలేమీ రాకపోతే తీగ, పిన్ను మళ్లింపు, కన్సోల్ (సందేశాలు రాసే పోర్టు) పేరు చూడండి. యూ-బూట్ సీరియల్ డ్రైవరే ఇంకా లేవని చోట పట్టుకోవాలంటే డీబగ్ యూఏఆర్‌టీ అనే కాన్ఫిగ్ ఉంది. యూఏఆర్‌టీ బేస్ అడ్రసు, క్లాకు విలువ కంపైల్ సమయంలోనే ఇచ్చేస్తే, డ్రైవర్ ఏర్పాట్లేవీ లేకుండా నేరుగా అక్షరాలు రాస్తుంది.

మైపాడు గట్టు గారి కెర్నల్ సంగతి రేపు రాస్తాను. ఈలోపు ఒక్క పని చేయండి: ఆ మూగ బోర్డుకు నెట్‌వర్క్ కేబుల్ పెట్టి పింగ్ చేయండి.

#6 · మైపాడు గట్టు · మంగళవారం ఉదయం 7:30

పింగ్‌కు జవాబిస్తోంది! ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికి కూడా వెళ్లగలిగాను. అంటే కెర్నల్ బతికే ఉంది, సీరియల్‌లో నోరు మెదపడం లేదంతే.

#7 · పెన్నాతీరం · మంగళవారం ఉదయం 8:15

ఊహించిందే. ‘స్టార్టింగ్ కెర్నల్’ తర్వాత నిశ్శబ్దం అనగానే కెర్నల్ చచ్చిపోయిందని చాలామంది డీడీఆర్ సెట్టింగులు తవ్వడం మొదలుపెడతారు. ఆ నిశ్శబ్దానికి అర్థం కన్సోల్ ఇంకా నమోదు కాలేదని మాత్రమే.

యూ-బూట్ ఎన్విరాన్‌మెంట్‌లో బూట్ఆర్గ్స్ (కెర్నల్‌కు పంపే పారామీటర్లు) చూడండి. కన్సోల్ పేరు ‘టీటీవైఓ0’ అని ఉంటుంది. ఈ చిప్ కుటుంబానికి మొదట్లో ఉన్న సొంత సీరియల్ డ్రైవర్ పోర్టులకు ఆ పేరు పెట్టేది. తర్వాత వచ్చిన 8250 డ్రైవర్ పెట్టే పేరు ‘టీటీవైఎస్0’. పాత పేరును కొత్త పేరుకు మార్చుకునే సర్దుబాటు ఆప్షన్ కెర్నల్‌లో ఉంది. మీ కాన్ఫిగ్‌లో అది తీసేసి ఉంటారు. పేరు మార్చండి, చాలు.

ఇక నిజంగానే చచ్చిపోయే కెర్నల్ గురించి. కెర్నల్ సందేశాలు రాసే ఫంక్షన్ ప్రింట్‌కే. అది రాసే ప్రతి వాక్యం ముందు మెమరీలోని లాగ్ బఫర్‌లో పడుతుంది. అసలు సీరియల్ డ్రైవర్ లేచి కన్సోల్‌ను నమోదు చేసుకున్నాక అప్పటిదాకా పోగైనదంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. డ్రైవర్ లేవకముందే కెర్నల్ పడిపోతే ఆ వాక్యాలు మెమరీలోనే మిగిలిపోతాయి. ఎర్లీకాన్ (డ్రైవర్ లేవకముందే రాసే తొలి కన్సోల్) పుట్టింది ఇందుకే. బూట్ఆర్గ్స్‌లో ఆ ఒక్క మాట చేర్చితే, డివైస్ ట్రీలో (బోర్డు భాగాల వివరాల జాబితాలో) చోజెన్ నోడ్ కింద ఉన్న ఎస్‌టీడౌట్-పాత్ చూసి ఏ యూఏఆర్‌టీలో రాయాలో అదే తెలుసుకుంటుంది. భాజకం సంగతి అది పట్టించుకోదు, బూట్‌లోడర్ పెట్టి వెళ్లిన వేగాన్నే వాడుకుంటుంది.

డివైస్ ట్రీ చదవడానికంటే ముందే పడిపోయే కేసుల్లో 32 బిట్ల ఆర్మ్‌కు డీబగ్ ఎల్ఎల్, దాని మీద ఎర్లీప్రింట్‌కే ఉన్నాయి. అడ్రసు కంపైల్ చేసేటప్పుడే ఇవ్వాలి. అలా కట్టిన కెర్నల్‌ను వేరే చిప్ మీద వేస్తే లేనిపోని అడ్రసులో రాసి అక్కడే కూలబడవచ్చు. పని అయిపోగానే తీసేయండి.

ఇంకో మెలిక. ఎర్లీకాన్ కొంతదూరం బాగా రాసి, బూట్ కన్సోల్‌ను ఆపేస్తున్నాను అని చెప్పి మాయమవుతుంది. అసలు కన్సోల్‌కు బాధ్యత అప్పగించే చోటు అది. అక్కడ అప్పగింత కుదరకపోతే మళ్లీ నిశ్శబ్దమే. కీప్ బూట్‌కాన్ అనే పారామీటర్ పెడితే పాతది ఆగకుండా రాస్తూనే ఉంటుంది. కొన్ని వాక్యాలు రెండేసి సార్లు వస్తాయి, పర్వాలేదు.

#8 · మైపాడు గట్టు · మంగళవారం ఉదయం 9:02

కన్సోల్ పేరు మార్చగానే లాగ్ మొత్తం వచ్చింది. ధన్యవాదాలు. ఇక అసలు జబ్బు మిగిలింది.

#9 · ముత్తుకూరు రైతు · మంగళవారం ఉదయం 10:47

బాబూ, మీ మాటలు సగం నాకు అర్థం కాలేదు గానీ మా గుంటల్లోనూ ఇలాంటి పెట్టెలే ఉన్నాయి. తెల్లవారుజామున నీటిలో డీఓ (కరిగిన ఆక్సిజన్) అడుగంటుతుంది. రాత్రంతా నాచూ రొయ్యా రెండూ పీల్చుకునేవే, ఎండ వస్తే గానీ తిరిగి పెరగదు. 3 కంటే కిందికి దిగితే మేము నిద్రపోలేము. ఆ వేళలో కరెంటు పోయి వచ్చి, మీ బోర్డు లేవకపోతే పంట మొత్తం తేలిపోతుంది. మీరు కారణం కనిపెట్టేలోపు మేము ఏమి చేయాలో అది చెప్పండి ముందు.

#10 · ఒంగోలు సోల్డర్ · మంగళవారం ఉదయం 11:20

పెద్దాయన అడిగింది న్యాయం. కంట్రోలర్ చచ్చినా ఏరేటర్ తిరగాలి. రిలేలో నార్మల్లీ క్లోజ్డ్ (రిలేకు కరెంటు లేనప్పుడు కలిసి ఉండే) వైపు నుంచి కాంటాక్టర్ కాయిల్‌కు తీగ ఇస్తే, బోర్డు బతికి ఉండి ఆపమంటేనే ఏరేటర్ ఆగుతుంది. బోర్డు లేవకపోతే తిరుగుతూనే ఉంటుంది. కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది, అంతకు మించి నష్టం లేదు. ఒకేసారి అన్ని మోటార్లూ స్టార్టయితే జనరేటరు కుంగిపోతుంది కాబట్టి, ఒక్కో కాంటాక్టర్‌కు ఒక టైమర్ రిలే పెట్టి కొన్ని సెకన్ల ఎడం ఇవ్వాలి. ఇదంతా మీ ఊళ్లో మోటార్లు చూసే ఎలక్ట్రీషియన్ చేయగల పనే.

ప్రాణం మీదికి వచ్చే పనిని లినక్స్ బూట్ మీద ఆధారపడేలా పెట్టడం నాకైతే మొదటినుంచీ నచ్చదు. చెప్పినా ఎవరూ వినరు.

#11 · చీమకుర్తి రాయి · మంగళవారం మధ్యాహ్నం 2:15

నేను గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లలో మెషీన్ల కంట్రోలర్లు చూస్తాను. గెలాక్సీ రాయిని పాలిష్ చేసే చోట పెద్ద మోటార్లు, డ్రైవులు, కాంటాక్టర్లు ఎంత చెత్త నాయిస్ చిమ్ముతాయో చూసినవాడిని. మైపాడు గట్టు గారూ, రెండు ప్రశ్నలు. ఏ పెట్టెలు ఎక్కువగా మొరాయిస్తున్నాయి? వాటిలో సీరియల్ హెడర్ దగ్గర ఏమైనా తీగ ఉందా?

#12 · మైపాడు గట్టు · మంగళవారం మధ్యాహ్నం 2:50

మీరు అడిగాక ఆలోచిస్తే, కొన్ని పెట్టెల్లో మూత విప్పే పని లేకుండా హెడర్ నుంచి మీటరు పొడవు తీగ బయటికి లాగి, చివర టేపు చుట్టి వదిలేశాను. ఎప్పుడు కావాలంటే అప్పుడు అడాప్టర్ తగిలించుకోవచ్చని. ఎక్కువ ఫోన్లు వచ్చేది ఆ పెట్టెల నుంచే. తీగ లేని వాటిలోనూ ఉంది కానీ అరుదు. ఆ తీగ కాంటాక్టర్ల పక్కనుంచే పోతుంది.

#13 · చీమకుర్తి రాయి · మంగళవారం మధ్యాహ్నం 3:10

అయితే ఇలా చేయండి. అడాప్టర్‌ను పూర్తిగా తగిలించవద్దు. గ్రౌండు, బోర్డు టీఎక్స్, ఈ రెండే కలపండి. బోర్డు ఆర్‌ఎక్స్‌కు వెళ్లే తీగను గాలిలో వదిలేయండి. బోర్డు చెప్పేది వినడానికి రెండు తీగలు చాలు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదే ఉండనివ్వండి. తర్వాత బోర్డు ఎంసీబీ ఒక్కటే కాకుండా మెయిన్ ఆపి, ఏరేటర్లతో సహా మొత్తం కరెంటు ఒకేసారి వచ్చేలా చేయండి. లాగ్‌ను ఫైల్‌లోకి పంపండి. గ్రాబ్‌సీరియల్ వాడితే ప్రతి వరుసకూ సమయం కూడా పడుతుంది.

మీరు మూడో తీగ కలపగానే అడాప్టర్ టీఎక్స్ పిన్ను ఆ లైనును 3.3 వోల్టుల దగ్గర గట్టిగా పట్టుకుంటుంది. జబ్బు దాక్కునేది అందువల్లే అని నా అనుమానం.

#14 · ఒంగోలు సోల్డర్ · మంగళవారం మధ్యాహ్నం 3:32

నా అనుమానం వేరు. అడాప్టర్ టీఎక్స్ నుంచి వచ్చే 3.3 వోల్టులు, బోర్డు ఆఫ్‌లో ఉన్నా ఆర్‌ఎక్స్ పిన్నులోని రక్షణ డయోడ్ గుండా చిప్‌లోకి కారుతాయి. పవర్ పూర్తిగా సున్నాకు దిగదు. రీసెట్ సరిగా పడకపోవడం, అరకొరగా లేవడం అలా చూశాను.

#15 · పెన్నాతీరం · మంగళవారం మధ్యాహ్నం 4:05

అన్నా, మీరు చెప్పేది నిజంగా జరిగేదే. కానీ అలా అయితే కేబుల్ పెట్టినప్పుడు బూట్ చెడాలి, తీస్తే బాగుపడాలి. ఇక్కడ తిరగబడి ఉంది. నా ఓటు చీమకుర్తి రాయి గారికి. రెండు తీగల లాగ్ వచ్చేదాకా ఆగుదాం.

#16 · మైపాడు గట్టు · బుధవారం రాత్రి 8:44

దొరికింది. చీమకుర్తి రాయి గారు చెప్పినట్టే రెండు తీగలు పెట్టి మెయిన్ ఆపి వేశాను. మొదట మామూలుగానే లేచింది. మళ్లీ చేశాను. ఎస్‌పీఎల్ వచ్చింది, యూ-బూట్ వచ్చింది, ఆటోబూట్ (తనంతట తానే కెర్నల్‌ను లేపడం) ఆపాలంటే ఏదైనా కీ నొక్కమని అడిగే వరుస వచ్చింది, అంకె 2 దగ్గర ఉండగానే లెక్క ఆగిపోయింది. కింద యూ-బూట్ ప్రాంప్ట్, దాని పక్కన నేను టైప్ చేయని గుర్తులు కొన్ని. బోర్డు చెడిపోలేదు, వేలాడిపోలేదు. ఆదేశం కోసం ఎదురుచూస్తూ ప్రాంప్ట్ దగ్గర కూర్చుంది!

#17 · కావలి విద్యార్థిని · బుధవారం రాత్రి 8:59

ఎవరూ కీ నొక్కకుండా కీ నొక్కినట్టు ఎలా అనుకుంది?

#18 · పెన్నాతీరం · బుధవారం రాత్రి 9:37

సీరియల్ లైను ఖాళీగా ఉన్నప్పుడు పైస్థాయిలో, అంటే 3.3 వోల్టుల దగ్గర ఉండాలి. అక్షరం మొదలవుతోందని చెప్పే స్టార్ట్ బిట్ అంటే ఆ లైను కిందికి పడడం. 115200 వేగంలో ఒక బిట్టు 8.68 మైక్రోసెకన్లు. లైను కిందికి పడ్డాక సగం బిట్టు తర్వాత కూడా కిందే ఉంటే రిసీవర్ దాన్ని నిజమైన స్టార్ట్ బిట్‌గా తీసుకుంటుంది. సుమారు నాలుగున్నర మైక్రోసెకన్ల కుదుపు చాలు. ఏ ఆధారమూ లేకుండా గాలిలో వేలాడే ఆర్‌ఎక్స్ పిన్నుకు, దానికి తోడు కాంటాక్టర్ల పక్కనుంచి పోయే మీటరు తీగకు, అంతపాటి కుదుపు రావడం ఎంతసేపు? తర్వాతి ఎనిమిది బిట్లు ఏవైనా సరే, ఏదో ఒక అక్షరం పుట్టేస్తుంది. స్టాప్ బిట్ తప్పినా, అక్షరమంటూ వచ్చింది కాబట్టి యూ-బూట్ దాన్ని కీ కిందే లెక్కవేస్తుంది.

ఇంట్లో ఎందుకు రాలేదన్న ప్రశ్నకూ జవాబు దొరికినట్టే. కరెంటు వచ్చిన క్షణాన ఆ ఫీడరు మీద ఉన్న గుంటలన్నింటిలో మోటార్లు ఒకేసారి లేస్తాయి. బోర్డు కూడా అప్పుడే లేచి, సరిగ్గా ఆ రణగొణ ధ్వని మధ్యలో రెండు సెకన్లపాటు కీ కోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటుంది. బల్ల మీద ఆ మోటార్లు లేవు.

#19 · ఒంగోలు సోల్డర్ · బుధవారం రాత్రి 9:50

సరే, నా డయోడ్ వాదన వెనక్కి. మందు చాలా చవక: ఆర్‌ఎక్స్ నుంచి బోర్డు 3.3 వోల్టులకు 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి సోల్డర్ చేయండి. 5 వోల్టుల పిన్నుకు పెట్టవద్దు, హెడర్‌లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. రెసిస్టర్ లేకుండా నేరుగా తీగ కూడా కలపవద్దు, ఆ పిన్నును ఎప్పుడైనా ఏ ప్రోగ్రాము అయినా అవుట్‌పుట్‌గా మారిస్తే షార్ట్ అవుతుంది. వేలాడే మీటరు తీగలు ఈ రాత్రికే పీకేయండి. కాంటాక్టర్ కాయిళ్ల మీద 100 ఓములు, 0.1 మైక్రోఫారడ్ ఉన్న స్నబ్బర్ (నాయిస్‌ను అణచేది) పెట్టండి. ప్యానెల్ సామాన్లు అమ్మేచోట రెడీమేడ్‌గా దొరుకుతుంది, కాయిల్ వోల్టేజీకి తగినది అడగండి.

#20 · మైపాడు గట్టు · బుధవారం రాత్రి 10:12

రెసిస్టర్లు రేపు పెడతాను అన్నా. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఏదైనా చేయవచ్చా? బూట్‌డిలే (కీ కోసం ఆగే సెకన్లు) సున్నా చేస్తే సరిపోతుందని ఒకచోట చదివాను.

#21 · పెన్నాతీరం · బుధవారం రాత్రి 10:40

సరిపోదు. బూట్‌డిలే సున్నా అంటే వేచి ఉండదు గానీ, కీ ఏదైనా వచ్చి ఉందా అని ఒకసారి చూస్తుంది. అప్పటికే ఫిఫోలో (వచ్చిన అక్షరాలు ఆగే చోట) ఓ చెత్త అక్షరం పడి ఉంటే అక్కడే ఆగిపోతుంది. మైనస్ 1 పెడితే ఆటోబూటే ఉండదు, పొరపాటున అది పెట్టకండి. మైనస్ 2 పెడితే వేచి ఉండదు, కీ కూడా చూడదు. మీ జబ్బుకు అది మందే కానీ, రేపు కెర్నల్ చెడిపోతే సీరియల్ నుంచి యూ-బూట్‌లోకి వెళ్లే దారి మూసుకుపోతుంది. గట్టు మీద కూర్చుని కార్డు పీకి ల్యాప్‌టాప్‌లో పెట్టుకోవాలి.

నేనైతే ఆటోబూట్ కీడ్ అనే కాన్ఫిగ్ ఎంచుకుంటాను. ఏదో ఒక కీ కాకుండా, మీరు నిర్ణయించిన మాట పూర్తిగా టైప్ చేస్తేనే ఆగుతుంది. నాయిస్‌కు అక్షరాలు పుట్టించడం వచ్చు గానీ మీ ఊరి పేరు వరుసగా టైప్ చేయడం రాదు. ప్రాంప్ట్ దగ్గర కొంతసేపు ఎవరూ ఆదేశం ఇవ్వకపోతే మళ్లీ బూట్‌కు ప్రయత్నించే బూట్‌రిట్రై కూడా ఉంది.

బోర్డు వేలాడిపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ కాపాడుతుంది కదా అని ఎవరైనా అడిగేలోపు చెప్పేస్తున్నాను: ఈ కేసులో ఆశ పెట్టుకోవద్దు. వాచ్‌డాగ్ ఆన్ చేసిన యూ-బూట్ ప్రాంప్ట్ దగ్గర ఎదురుచూస్తూ కూడా దాన్ని తడుతూనే ఉంటుంది. దాని లెక్కలో అంతా క్షేమమే.

#22 · చీమకుర్తి రాయి · గురువారం ఉదయం 6:55

పెన్నాతీరం గారూ, సాఫ్ట్‌వేర్ మందు ఒక్కటే వేసి రెసిస్టర్ మానేస్తారేమోనని భయం. యూ-బూట్ దాటినా కథ అయిపోదు. అదే పోర్టు మీద లినక్స్ లాగిన్ ప్రాంప్ట్ ఉంటుంది, నాయిస్ అక్కడా అక్షరాలు పోస్తూనే ఉంటుంది. సిస్ఆర్‌క్యూ (కెర్నల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే దారి) ఆన్‌లో ఉంటే ఇంకా ప్రమాదం. లైనులో బ్రేక్ (అక్షరం కంటే ఎక్కువసేపు లైను కిందే ఉండడం) వచ్చి, ఆ వెంటనే ఒక అక్షరం పడితే కెర్నల్ దాన్ని ఆదేశంగా తీసుకుంటుంది. ఆ అక్షరం ‘బి’ అయితే అక్కడికక్కడే రీబూట్. ముందు తీగను సరిచేయండి, తర్వాత సాఫ్ట్‌వేర్.

#23 · పెన్నాతీరం · గురువారం ఉదయం 8:03

ఒప్పుకుంటున్నాను. రెండూ చేయాలి, రెసిస్టర్ ముందు.

#24 · కావలి విద్యార్థిని · గురువారం సాయంత్రం 5:30

ఇంకో సందేహం. ఎప్పుడూ ఎర్లీకాన్ పెట్టి, లాగ్‌లెవెల్ పూర్తిగా పెంచి వదిలేస్తే ఇలాంటివి ముందే తెలిసేవి కదా?

#25 · పెన్నాతీరం · గురువారం సాయంత్రం 6:18

ఖర్చు ఉంది. ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్ కలిపి పది బిట్లు, కాబట్టి 115200 వేగంలో సెకనుకు 11,520 అక్షరాలు. 40,000 అక్షరాల లాగ్ పోయడానికే మూడున్నర సెకన్లు. బూట్ దశలో అక్షరం బయటికి పోయేదాకా ప్రాసెసర్ ఎదురుచూస్తుంది కాబట్టి ఆ కాలమంతా బూట్ సమయానికి కలుస్తుంది. రాక్‌చిప్ బోర్డులు 15,00,000 వేగం వాడతాయి. అక్కడ 24 మెగాహెర్ట్జ్ క్లాకును 16తో భాగిస్తే సరిగ్గా అంతే వస్తుంది, భాజకం 1.

ఆలస్యం కంటే పెద్ద చిక్కు ఏమిటంటే, రాయడం వల్లే సమయాలు మారిపోయి కొన్ని తప్పులు మాయమవుతాయి. అలాంటి చోట రాయడం మానేసి ఒక జీపీఐఓ పిన్నును పైకి కిందికి ఆడించి స్కోపులో చూస్తాం. ఫీల్డులో ఉన్న బోర్డులకు రాతలు తగ్గించే క్వైట్ పెట్టి, పడిపోయిన లాగ్ ర్యామ్‌లో మిగిలేలా ర్యామ్‌ఊప్స్ పెట్టుకోవడం మేలు. కరెంటు పోకుండా జరిగే వేడి రీబూట్‌లో ర్యామ్ చెరిగిపోకుండా ఉంటే తర్వాతి బూట్‌లో పాత లాగ్ చదువుకోవచ్చు. కరెంటే పోతే అదీ ఉండదు.

#26 · మైపాడు గట్టు · శనివారం రాత్రి 9:20

అన్ని పెట్టెల్లో వేలాడే తీగలు తీసి రెసిస్టర్లు పెట్టాను. యూ-బూట్‌ను ఆగే మాటతో మళ్లీ కంపైల్ చేసి వేశాను. రెండు తీగలతో మెయిన్ ఆపి వేస్తూ చూశాను. బూట్ ఎక్కడా ఆగడం లేదు. రిలేలను నార్మల్లీ క్లోజ్డ్ వైపు మార్చే పని కూడా మొదలైంది. ముత్తుకూరు పెద్దాయన పెట్టెలు అమర్చినవారితో కూడా మాట్లాడాను.

ఒక్క పెట్టె మాత్రం ఇప్పటికీ లేవడం లేదు. లక్షణం వేరు. యూ-బూట్ దాకా కూడా రాదు. సీరియల్‌లో ఇంగ్లిష్ ‘సి’ అక్షరం ఒక్కటే, కాస్త ఆగి మళ్లీ ‘సి’, మళ్లీ ‘సి’, అలా వస్తూనే ఉంటుంది. నాయిస్ అనుకుందామంటే ఇది బోర్డు నుంచి వస్తున్నది, పైగా ప్రతిసారీ అదే అక్షరం.

#27 · పెన్నాతీరం · శనివారం రాత్రి 9:41

నాయిస్ కాదు, అది చిప్ లోపలి రామ్ కోడు గొంతు. ఎస్‌డీ కార్డులో బూట్ చేయదగినది దొరక్కపోతే రామ్ కోడు తన జాబితాలో తర్వాతి దారులు వెతుకుతుంది. అందులో యూఏఆర్‌టీ0 ఒకటి. ఎక్స్‌మోడెమ్ పద్ధతిలో ప్రోగ్రాము పంపమని అవతలివాళ్లను అడిగే పిలుపే ఆ ‘సి’. అంటే ప్రాసెసర్ బాగుంది, క్లాకు బాగుంది, సీరియల్ బాగుంది, కార్డు మాత్రం చదవడం లేదు. కార్డు మార్చానన్నారు కదా, అయితే సాకెట్ చూడండి.

#28 · ఒంగోలు సోల్డర్ · శనివారం రాత్రి 9:55

సముద్రానికి అంత దగ్గర్లో సాకెట్ స్ప్రింగులు పచ్చబారకుండా ఎలా ఉంటాయి తమ్ముడూ? ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కార్డును నాలుగైదుసార్లు పెట్టి తీసి చూడు. లేస్తే సాకెట్టే. కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది కాబట్టి సాకెట్ మార్చడమో, ఈఎంఎంసీ (బోర్డుకే సోల్డర్ చేసిన మెమరీ) ఉన్న బోర్డు వేయడమో చేయాలి. పెట్టెకు కేబుల్ గ్లాండ్లు బిగించావా, రంధ్రాలు తెరిచే ఉన్నాయా?

#29 · మైపాడు గట్టు · ఆదివారం ఉదయం 10:30

తుడవగానే లేచింది. కింది గ్లాండు ఒకటి ఊడిపోయి ఉంది, అక్కడినుంచే తేమ ఎక్కుతోంది. గ్లాండు బిగించాను, సాకెట్ మార్చడానికి ఆ బోర్డు విప్పి తెచ్చాను. పని అయ్యేదాకా ఆ గుంటకు స్పేర్ బోర్డు పెట్టాను.